మూడో కిట్టు తప్పులు

ఫిబ్రవరి 3

మూడు కిట్లూ ఒకేరోజు దిగాయి. మంచు డబ్బాల్లోంచి తీసి ఫ్రీజర్లో సర్దేసరికి వేళ్లు కొంకర్లు పోయాయి. పెద్దసారు తన గదికి పిలిచి, "నీది నమ్మకమైన చెయ్యి. ఏది కొనాలో నువ్వే తేల్చు" అన్నారు. ఆయన పొగిడారంటే పని పడబోతోందని అర్థం. ఇన్నేళ్లలో ఆ మనిషి ఊరికే పొగిడిన పాపాన పోలేదు.

జబ్బు చూస్తే దొంగ జబ్బు. ఆవు పేగుల్లో చేరి ఏళ్ల తరబడి చప్పుడు చేయకుండా కూర్చుంటుంది. ఆవు తింటూనే ఉంటుంది, పాలిస్తూనే ఉంటుంది, పేడలో క్రిముల్ని పోస్తూనే ఉంటుంది. పొదుగుకు అంటిన ఆ పేడే దూడ నోట్లోకి పోతుంది. మందు లేదు. దొరికిన పశువును కోతకు పంపాలి, ఆ మందలోంచి ఒక్క పెయ్యను కూడా బయటికి అమ్మకూడదు. కిట్టు చేసే పని ఒక్కటే. పేడలో ఆ క్రిమి జన్యువు ఉంటే తెర మీద గీత పైకి లేస్తుంది, లేకపోతే చివరిదాకా పడుకునే ఉంటుంది.

కిట్టుకు పరీక్ష పెట్టాలంటే జవాబు ముందే తెలిసిన పేడ కావాలి. జబ్బున్నది ఫ్రీజర్లో బోలెడుంది. జబ్బు లేనిదానికే కరువు. గుండె మీద చెయ్యేసుకుని లేదని చెప్పగలిగేవి మా ఫారాలు రెండు. మూడో మంద కావాలి.

అక్కకు ఫోన్ చేశాను. "రావే, పేడకేం కరువు" అంది.

ఫిబ్రవరి 6

అక్క షెడ్డు అద్దంలా ఉంది. బావ పోయాక అందరూ అమ్మేసుకోమన్నారు. ఇది వినే రకమా. ఇప్పుడు చూడి పెయ్యల్ని తయారు చేసి అమ్ముతోంది. అక్క పెయ్య అంటే చుట్టుపక్కల కళ్లు మూసుకుని కొంటారు. ఇల్లు గడిచేది దాని మీదే.

మోచేతి దాకా గ్లవ్ వేసుకుని ఒక్కో ఆవు దగ్గరా తీసుకున్నాను. నేల మీద పడింది పనికిరాదు. అక్క మొండిది అని పిలిచే ఆవు నన్ను గోడకేసి నొక్కింది. "నీకు చదువుందని దానికి తెలీదులే" అని అక్క ఒకటే నవ్వు.

మూల కట్టుకొయ్య ఖాళీగా ఉంది. ఎప్పుడూ అక్కడ కట్టేసే ఎర్రది ఏదని అడిగాను.

"పంపేశా. వయసైపోయింది."

బయల్దేరుతుంటే గేటు దాకా వచ్చింది. "చిట్టీ, చూసి చెప్తావుగా?"

"ఏదైనా ఉంటే చెప్తాలే" అన్నాను.

సీసాల మీద అక్కడే చెవి ట్యాగు నంబరు వేసి, పక్కన 'నెగెటివ్' అని రాసేశాను. ఎండలో బాగా ఆరింది ఇంకు.

ఫిబ్రవరి 7

రెండుసార్లు స్నానం చేశాను. అయినా మా ఆయన పక్కగదిలో పడుకున్నాడు.

ఫిబ్రవరి 12

సీసాల మీది నంబర్లన్నీ లేబులో నాతో పనిచేసే బ్లీచమ్మ మార్చేసింది. ఏది ఎవరిదో తెలిస్తే నా కళ్లు గీతల్ని చూడవు, నాకు కావలసింది చూస్తాయి. అందుకే ఈ పద్ధతి. కొత్త నంబరు ఏ సీసాదో విప్పే జాబితా, అదే మా తాళం, దాని దగ్గరే ఉంటుంది. బ్లీచమ్మ అని పేరు పెట్టింది నేనే. తుమ్మినా బల్ల తుడుస్తుంది. నాకంటే ఏడాది చిన్న, పనిలో మాత్రం నాకు అత్తగారు.

తాళంలో కూడా ఫారాల పేర్లుండవు. ఎ, బి, సి. సి అంటే అక్క అని నాకొక్కదానికే తెలుసు. చెప్పాల్సిన అవసరం కనపడలేదు.

జబ్బు లేదన్న పేడలో కూడా క్రిమి పెరుగుతుందేమో గొట్టాల్లో పెంచి చూడాలని నియమం. ఈ క్రిమి పెరగడానికి నెలలు పడుతుంది. ఆ గొట్టాలన్నీ వెచ్చగదిలో పెట్టేసి తలుపు మూసింది బ్లీచమ్మ. అవి పండేలోపు కొనుగోలు కమిటీ కూర్చుని లేచిపోతుంది.

ఫిబ్రవరి 20

మొదటి కిట్టు, రెండో కిట్టు అయిపోయాయి. రెండోది హాయిగా ఉంది, మధ్యాహ్నానికల్లా ఫలితం చేతిలో ఉంటుంది. మూడోదానితోనే చావు. ఈ క్రిమికి గోడ మందం కాబట్టి గాజుపూసలతో గిలక్కొట్టి పగలగొట్టాలట. ఆ పూసల యంత్రం మొదలైతే మేడ మొత్తం చెవులు మూసుకుంటోంది. పెద్దసారు తలుపు తీసి చూసి, మళ్లీ వేసుకున్నారు.

ఫిబ్రవరి 24

తాళం తీశాం. జబ్బున్నవాటిని మూడూ పట్టుకున్నాయి. లేనివాటి దగ్గర మొదటిదీ రెండోదీ శుభ్రం. మూడోది మాత్రం లేని జబ్బును ఉందంటోంది. ఒకచోట కాదు, అయిదు చోట్ల.

అయిదూ సి వే.

బ్లీచమ్మ తల గోక్కుంది. నేను టీకి వెళ్దాం పద అన్నాను.

ఫిబ్రవరి 25

ఎక్కడో చిందింది. జబ్బున్న పేడ తుంపర ఒక్కటి చాలు, పక్క గొట్టాలన్నీ పాడవుతాయి. పొద్దున్నుంచీ బల్లలు, పిపెట్లు, తలుపు పిడులు, కుర్చీ చేతులు కూడా తుడిచాను. "నా పేరు నువ్వు లాక్కుంటున్నావు" అంది బ్లీచమ్మ.

ఆ తుంపర అక్క గొట్టాలనే ఏరి మరీ పడిందా అని ఒకసారి అనిపించింది. పూసల యంత్రంలో అవి పక్కపక్కన ఉండుంటాయి.

ఫిబ్రవరి 27

పక్కపక్కన లేవు. చూశాను.

మళ్లీ మొదటి నుంచి చేశాను. కొత్త గ్లవ్స్, కొత్త పిపెట్ మొనలు, వేరే గది. అవే అయిదు. వాటిలోకెల్లా ముందు లేచిన గీత మొండిదానిది. ప్రతిసారీ ఒక గొట్టంలో వట్టి నీళ్లు పెడతాం. చింది ఉంటే నీళ్లలో కూడా గీత లేవాలి. నీళ్ల గీత పడుకునే ఉంది.

మొదటి కిట్టులో కూడా మొండిది చివర్లో కాస్త తలెత్తింది. లెక్కలోకి రానంత ఆలస్యంగా. కాబట్టి నేను లెక్కలోకి తీసుకోలేదు.

మార్చి 2

మళ్లీ చేశాను. నీళ్లు శుభ్రం.

మార్చి 5

బ్లీచమ్మ వదిలేట్టు లేదు. టీ కప్పు నా బల్ల మీద పెట్టి మరీ కూర్చుంది.

"కిట్టు తప్పైతే ఎ లోనూ బి లోనూ కూడా తప్పాలి కదా? తిన్నగా ఒకే ఇంటికి పోతోందేంటి?"

"అక్కడి మట్టి వేరేమో."

"ఆ మంద శుభ్రమని ఎవరు చెప్పారు నీకు?"

"నాకు తెలిసిన మందే."

"తెలిసిందంటే? పరీక్ష చేశారా ఎప్పుడైనా?"

ఆ మందను నేను ఎన్నేళ్లుగా చూస్తున్నానో చెప్పాను. షెడ్డు ఎంత శుభ్రంగా ఉంటుందో చెప్పాను. అది వింటూ కూర్చుంది. అడిగినదానికి నేను జవాబు చెప్పలేదని మా ఇద్దరికీ తెలుసు. కోపమొచ్చి, కప్పు తీయమని కసిరాను. బల్ల మీద గుండ్రటి మరక పడింది. అది తుడవకుండానే లేచి వెళ్లిపోయింది.

అక్క మందలో జబ్బు లేదు. ఉంటే నాకు తెలియకుండా ఉంటుందా.

మార్చి 9

అక్క ఫోన్. ఆ కబురూ ఈ కబురూ అయ్యాక, "మొండిది బాగానే తింటోందే, ఒంటికే పట్టడం లేదు" అంది.

మేత మార్చమన్నాను. నులిపురుగుల మందు వేయమన్నాను. "వేసవి వస్తోంది కదా, అన్నీ చిక్కుతాయి" అన్నాను. ఇంకా ఏదేదో చెప్పాను. ఈ మధ్య అక్కతో ఇంతసేపు మాట్లాడింది లేదు.

మార్చి 11

దొరికింది. ఈ క్రిమికి మట్టిలో బంధువులున్నాయి, జబ్బు చేయని రకాలు. మూడో కిట్టు ఆ చుట్టాల్ని చూసి అసలుదే అనుకుంటోంది. అక్క షెడ్డు దిగువన చిత్తడి నేల ఉంది, ఇలాంటివి అక్కడే ఉంటాయి. అంతా సరిపోయింది. ఇన్నాళ్లు ఎందుకు తట్టలేదో.

ఆ చుట్టాలు నిజంగా ఉన్నాయో లేవో చూడాలంటే ఆ జన్యువు వరస మొత్తం చదివించాలి. పెద్ద పనేం కాదు, పైఅంతస్తులోనే చేస్తారు. కానీ కమిటీకి టైం లేదు.

మార్చి 12

పైఅంతస్తు ఆయన మెట్ల మీద ఎదురై, "ఏమైనా చదవాల్సినవి ఉన్నాయా, యంత్రం ఖాళీగా ఉంది" అన్నాడు. లేవన్నాను.

మార్చి 16

మూడో కిట్టు కంపెనీ ఆయన వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, కూర్చోమనేదాకా నిలబడే ఉన్నాడు. ఫలితాల కాగితాన్ని రెండుసార్లు తిరగేశాడు. తర్వాత, "మేడం, తప్పుగా అనుకోకండి. ఆ నమూనాలు నిజంగా నెగెటివేనా?" అన్నాడు.

ఒంటికి కారం రాసినట్టయింది. మీ సరుకు బాగాలేకపోతే మా నమూనాల మీద పడతారా అని దులిపేశాను. పక్కగదికి వినపడింది. ఆయన డబ్బా సర్దుకుని, "ఆ ఆవుల్ని ఒక్కసారి మళ్లీ చూడండి మేడం, కిట్టు కోసం కాదు" అని వెళ్లిపోయాడు.

అమ్ముకునేవాడు ఎన్నైనా చెప్తాడు.

మార్చి 20

రిపోర్టు ఇచ్చేశాను. మూడో కిట్టు: జబ్బు లేని పశువులను ఉన్నట్టుగా చూపుతోంది, సంబంధం లేని మట్టి సూక్ష్మజీవులను పట్టుకునే అవకాశం ఉంది, సిఫారసు చేయలేము. రెండో కిట్టు: తగినది.

'అవకాశం ఉంది' అన్న మాట ఎంత సుఖమైన మాట. కింద సంతకం పెట్టడానికి ఎంత వీలుగా ఉందో.

బ్లీచమ్మ రెండో సంతకం పెట్టాలి. పెట్టింది. "వెచ్చగదిలో గొట్టాలున్నాయి కదా, అవి తేలుస్తాయిలే" అంది. నేను కాగితాలు కవరులో పెట్టి అతికించాను.

మార్చి 21

నిద్ర బాగా పట్టింది.

ఏప్రిల్ 14

అక్క ఫోన్. ఈసారి పెయ్యలన్నీ అమ్ముడుపోయాయట, ఒక్కటి మిగల్లేదు. గొంతులో సంబరం. పైకప్పుకు కొత్త రేకులు వేయిస్తానంది. "నువ్వూ ఒకసారి వచ్చి చూడవే, నీ దయే ఇదంతా" అంది.

నా దయ ఎందుకని అడగాలి. అడగలేదు. పని ఉందని పెట్టేశాను.

ఎవరెవరు కొన్నారో కూడా అడగలేదు.

ఏప్రిల్ 30

ఈ నెలంతా వెచ్చగది వైపు వెళ్లలేదు. అది బ్లీచమ్మ పని. ఆ నడవా బదులు పెరటి వైపు మెట్లు దిగుతున్నాను. నడక ఒంటికి మంచిదంటారు.

మే 6

మొండిది పోయింది. అక్క రెండు ముక్కల్లో చెప్పి పెట్టేసింది. ఏడ్చినట్టుంది.

నులిపురుగులు ముదిరి ఉంటాయి.

మే 7

నిన్న రాసింది చదువుకున్నాను. నా రాతే. నేనేం మనిషిని.

మే 19

బ్లీచమ్మ వచ్చి నా మణికట్టు పట్టుకుని వెచ్చగదికి తీసుకెళ్లింది. సి గొట్టాలు వెలుతురుకు ఎత్తి పట్టింది. గసగసాల్లా, తెల్లగా క్రిమి చుక్కలు. మట్టి చుట్టాలు కాదు. సరిచూసింది కూడా. ఆ అయిదే. ఎ, బి ఖాళీ.

"ఎవరిదిది?" అంది.

"మా అక్కది."

తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండేది. తలుపు మూసి, చేతులు కడుక్కుంది, చాలాసేపు కడుక్కుంది. "కిట్టు మనకి ఫిబ్రవరిలోనే చెప్పింది కదే" అంది చివరికి. 'మనకి' అంది. అది నన్ను ఎక్కువ కుంగదీసింది.

మూడో కిట్టు తప్పు చెయ్యలేదు. క్రిములు కొద్దిగా ఉన్నా ఆ గోడల్ని పగలగొట్టి పట్టుకున్నది అదొక్కటే. మిగతా రెండూ నాలాంటివి, పగలగొట్టకుండానే లేదన్నాయి. నేను నమూనాలతో కిట్టుకు పరీక్ష పెట్టాననుకున్నాను. అది నా నమూనాలకు పరీక్ష పెట్టి తప్పని చెబితే, దాన్నే ఫెయిల్ చేశాను.

మే 20

సెలవు పెట్టి అక్క దగ్గరికి వెళ్లాను. దారంతా ఎలా మొదలుపెట్టాలో అనుకుంటూ పోయాను. వెళ్లేసరికి కొత్త రేకుల కింద కడుగుతోంది. నన్ను చూసి చీపురు పక్కన పెట్టింది.

చెప్పాను. జబ్బు పేరు చెప్పాను, ఏ ఆవులో చెప్పాను. ఏడుస్తుందనుకున్నాను. గోడకు ఆనుకుని వింది. నేను ఆగాక, ఖాళీ కొయ్య వైపు చూపించింది.

"ఎర్రది ఎలా పోయిందో తెలుసా? నీళ్లలా పేడ వేసి వేసి ఎముకలు తేలితే పంపేశా. భయమేసింది. నిన్ను అడుగుదామా వద్దా అని చూస్తుంటే నువ్వే ఫోన్ చేసి పేడ కావాలన్నావు. నా చెల్లెలు అడక్కుండానే చూసిపెడుతోంది అనుకున్నా."

నేను ఆ ఖాళీ కొయ్యనే చూస్తున్నాను.

"చూసి చెప్తావుగా అన్నా. ఏదైనా ఉంటే చెప్తానన్నావు."

"అవునక్కా."

"చెప్పలేదు. అంటే ఏమీ లేదనేగా? రోజూ ఫోన్ చూసుకునేదాన్ని. వారం పోయింది, నెల పోయింది. హమ్మయ్య అనుకున్నా. మొండిది చిక్కినా నువ్వు మేత మార్చమన్నావు, మార్చా. కొనేవాళ్లతో కూడా చెప్పా, మా చెల్లెలు లేబులో చూసింది, ఏమీ లేదని. నీ మాట మీద అమ్మానే అన్నీ."

నేను వాటిని కిట్ల కోసం తీసుకెళ్లానని చెప్పబోయాను. శుభ్రమైన మంద కావాలని నీ దగ్గరికి వచ్చానని. అది మంచి మాటలాగే ఉంటుందనుకున్నాను. సగంలో ఆపేశాను.

"ఎప్పుడు తెలిసింది నీకు?" అంది.

"నిన్న."

అక్క నన్నే చూస్తోంది. చిన్నప్పుడు ఏది దాచినా ఇలాగే చూసేది.

"ఎప్పుడే?"

"ఫిబ్రవరిలో."

"పెయ్యల్ని ఏప్రిల్లో అమ్మాను" అంది. గొంతు పెంచలేదు. చీపురు తీసుకుని, కడిగిన చోటే మళ్లీ కడగడం మొదలుపెట్టింది. సాయం చేయబోతే చెయ్యి అడ్డం పెట్టింది. సాయంత్రం దాకా గట్టు మీద కూర్చున్నాను. తిన్నావా అని అడగలేదు. పుట్టి బుద్ధెరిగాక అక్క నన్ను ఆ మాట అడగని రోజు ఇదే.

మే 22

పెద్దసారుకు అంతా చెప్పి, రిపోర్టు వెనక్కి తీసుకుంటానన్నాను. "రెండోది కొనేశాం కదమ్మా, జిల్లాలన్నిటికీ వెళ్లిపోయింది" అన్నారు. ఆయన ముఖంలో కోపం కంటే అలసట ఎక్కువ ఉంది. నన్ను ఈ పని నుంచి తప్పించారు. విచారణ ఉంటుంది. మూడో కిట్టు ఆయనకు ఫోన్ చేశాను. ఆయన ఇప్పుడు అక్కడ పనిచేయడం లేదన్నారు.

అక్క షెడ్డుకు సోమవారం మనుషులు వస్తారు. ఆ అయిదింటిలో మిగిలిన నాలుగు కోతకు వెళ్లిపోతాయి. మిగతావి షెడ్డు దాటకూడదు, అమ్మకూడదు.

మే 23

పొద్దున్నే అక్క ఫోన్. "పెయ్యలు ఎవరింటికి పోయాయో అన్నీ నాకు గుర్తున్నాయి. రేపు వస్తున్నావు" అంది. రమ్మని కాదు, వస్తున్నావు అని.

మే 24

బస్సులో పక్కపక్కనే కూర్చున్నాం. అక్క కిటికీలోంచే చూసింది. దిగేటప్పుడు మాత్రం నా సంచి తనే అందుకుంది, అలవాటు కొద్దీ.

మొదటి ఇల్లు ఒక పాలావిడది. అక్కను చూడగానే ముఖం విప్పారింది. రెండు స్టూళ్లు తెచ్చి తన చెంగుతోనే తుడిచింది. మీ పెయ్య ఈనింది, ఆడదూడ, రండి చూద్దురుగాని అని మమ్మల్ని వెనక్కి లాక్కెళ్లింది.

దూడకు ఇంకా కాళ్లు నిలబడటం లేదు. తూలుతూ తూలుతూ పొదుగు వెతుక్కుంది. పొదుగుకు ఒక పక్క పేడ అంటి ఉంది. అది సరిగ్గా ఆ పక్కే నోరు పెట్టి చప్పరిస్తోంది. నేను ఒక అడుగు ముందుకు వేసి ఆగిపోయాను. ఏం ఆపుతాను.

"ఈవిడేనా మీ చెల్లెలు? లేబులో చూసిందన్నది?" అంది పాలావిడ నా చెయ్యి పట్టుకుని. "ఈవిడ చూసిందన్నారనే ధైర్యం చేశానమ్మా. నాకున్నది ఇదొక్కటే."

"ఈవిడే" అంది అక్క. నాలుగు రోజుల తర్వాత మొదటిసారి నా కళ్లలోకి చూసింది.

"ఏదైనా ఉంటే చెప్తానన్నావు కదే. చెప్పు."

చెప్పాను.